మాత్రల మేష్టారి కొవ్వొత్తి

"మన బడి పూర్వవిద్యార్థుల సమావేశానికి రెండు పేజీలు రాసి పంపవే" అని కమిటీ వాళ్ళు దసరా నుంచీ వెంటపడుతున్నారు. వెనక వరస వాళ్ళేమో "మళ్ళీ పాడుతున్నావట, అదెలాగో రాయి" అన్నారు. పగిలిన గంట, నేరేడుచెట్టు, ప్రహరీ మీద ఆదివారం సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లో ఏం జరిగిందో నాకసలు గుర్తే లేదు. నా వరకు బడంటే, పాటలో మాత్రలు (అక్షరం పలికే కాలం కొలత) బల్ల మీద కొట్టి లెక్కపెట్టే మాత్రల మేష్టారే.

వార్షికోత్సవానికి పది రోజుల ముందు నుంచీ ప్రార్థన జట్టు చేతికి ఆయన మైకు ఇచ్చేవారు కాదు, వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చేవారు. నోటికి జానెడు దూరంలో పట్టుకుని ప, ఫ, భ ఉన్న చరణమంతా పాడాలి. మంట వణకొచ్చు, ఆరకూడదు. ఆరితే పల్లవి నుంచి మళ్ళీ. "పాడమన్నాను, ఊదమన్లేదు!" ఎక్కువసార్లు ఆర్పిందెవరో ఇక్కడ రాయను, ఆవిడ ఇప్పుడు కమిటీలో ఉంది.

రికార్డింగులో వాడే కండెన్సర్ మైకు (సన్నని శబ్దాన్నీ పట్టేది) ముందు చేసేదీ అదే. మైకు జానెడు దూరం, దానికి నాలుగు వేళ్ళ ఇవతల పాప్ ఫిల్టరు, అంటే ఊపిరి దెబ్బని ఆపే తెర. మైకు నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి ఉండాలి. లేదంటే 'భ' దగ్గర ఊపిరి నేరుగా తగిలి ధబ్బుమంటుంది. తరవాత మంద్రధ్వనులు (అడుగు స్థాయి శబ్దాలు) తగ్గించినా ఆ దెబ్బ పూర్తిగా పోదు.

మధ్యలో ఇరవై రెండేళ్ళు పాట లేదు: బ్యాంకు ఉద్యోగం, పిల్లలు, బదిలీలు. బ్రిటన్ గాయని వాష్టీ బన్యన్ 1970లో మొదటి ఆల్బమ్ తెచ్చి, రెండోది 2005లో తెచ్చింది. ఆవిడ ముందు నాదెంత!

గొంతు విషయంలో తొందరపడితే చెడుతుంది. బడిలో నాది ఐదున్నర శ్రుతి (పాటకి ఆధారమైన స్వరస్థాయి), ఇప్పుడు కాస్త కిందికి, నాలుగున్నర. మొదటి నెల తారస్థాయి, అంటే పై స్వరాల జోలికి పోకూడదు. పొద్దున్నే ఇరవై నిమిషాలు మంద్రంలో అకారం, ఆపైన సరళీస్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) మొదటి కాలంలోనే, అంటే నెమ్మదిగానే. గొంతు బిగుసుకుంటే ఆపెయ్యడమే.

హార్మోనియం అటక మీంచి దించితే తిత్తి తోలు గట్టిపడి గాలి కారుతోంది. మూడు రీడ్లు (స్వరం పలికే లోహపు పట్టీలు) మూగ. సన్నని కాగితం రీడు కింద జరిపి దుమ్ము తీస్తే రెండు పలికాయి. మూడోది శ్రుతి తప్పింది. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఎక్కువ గీకితే ఆ రీడు పనికిరాదు, అందుకే రిపేరు చేసే ఆయనకే ఇచ్చాను.

రికార్డింగు పడగ్గదిలోనే. గోడలకి బొంతలు, ఫ్యాను బందు, ఫ్రిజ్ ప్లగ్గు తీసెయ్యాలి (మళ్ళీ పెట్టడం మరిచిపోతే పాలు విరుగుతాయి, అనుభవమే). శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే అరుపు దగ్గర ధ్వని పగలదు.

ఇక సాహిత్యం. ఖండచాపు (ఐదేసి మాత్రల తాళం) పాటలో మొదట "వాన వెలిసిన వాకిట్లో" అని రాసుకున్నాను. తాళం ప్రతిసారీ అక్కడే తడబడేది. మేష్టారు బల్ల మీద కొట్టినట్టు కొట్టి చూస్తే, 'వానవెలి' ఐదు మాత్రలు, 'సినవాకి' దగ్గర ఆరు: ట్లో ముందున్న 'కి' గురువై రెండు మాత్రలైపోయింది. "వాన వెలిసిన వాకిలిలో నీ నీడలే" అని మార్చాను. నాలుగు ఐదులూ సరిపోయాయి.

పాట బయటికి వదిలేముందు ఐఎస్ఆర్‌సీ తీసుకోండి, ఒక్కో రికార్డింగునీ గుర్తుపట్టే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే కోడు అది. పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా రెండు రకాలుగానూ నమోదు చేసుకోవాలి. 2012 కాపీరైట్ చట్టసవరణ తరవాత రాయల్టీలో వాటా మనకు హక్కు.

ఇప్పటికి నాలుగు పాటలు వచ్చాయి. నాలుగోది నగరంలో స్టూడియోలో పాడాను. అక్కడి కుర్రాడు "మైకు దగ్గర నిలబడ్డం ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అన్నాడు. మన ఊరి పేరు చెప్పాను.

సమావేశం రోజు ప్రార్థన నాకే అప్పగించారట. శ్రుతి నాలుగున్నర. జట్టు వాళ్ళు ఇంట్లో పాడుకుని రండి.