మావాడి లైవ్ రాక్, మా నాన్న ప్రశ్నలు

పిల్లల్ని తాతయ్యలతో ఫోన్లో మాట్లాడించడం బయటి దేశాల్లో ఉన్న తల్లులందరికీ ఉన్న టెన్షనే. "బాగున్నావా తాతా?" "బాగున్నాను నాన్నా, తిన్నావా?" "తిన్నాను." అంతే, ఫోన్ మన చేతికి వచ్చేస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే వరస. మావాడికి తెలుగు వచ్చు. విశాఖ పెదజాలరిపేటలో ఉన్న మా నాన్నకి వాడంటే ప్రాణం. ఇద్దరికీ కలిపి ఒక సంగతి లేదు, అంతే లోటు.

ఆ సంగతి మా ఇంటికి రాళ్లతో పాటు వచ్చింది. ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లు లైవ్ రాక్ అని కొంటారు. ఫ్లోరిడాలో సముద్రంలోని సహజమైన రాళ్లు తీయడం 1990ల్లోనే ఆపేశారు. ఇప్పుడు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో లీజుకు తీసుకున్న చోట సున్నపురాళ్లు వేసి, కొన్నేళ్లకి వాటికి జీవం పట్టాక తీసి అమ్ముతారు. రాతి బెజ్జాల్లో ఉండే బాక్టీరియా తొట్టెలో నీళ్లని శుభ్రంగా ఉంచుతుంది. వాటితో పాటే పీతలు, పురుగులు, నత్తలు, ఇంకా ఏవేవో మనం అడగకుండానే వచ్చేస్తాయి. వాటిలో ఏది మంచిదో, ఏది చేపల్ని తినేదో కనిపెట్టడమే అసలు పని.

ఇవి చాలావరకు లైట్లు ఆర్పాకే బయటికొస్తాయి. వేసవిలో మాకు రాత్రి తొమ్మిదైతే విశాఖలో పొద్దున్న ఆరున్నర. నాన్న టీ తాగి అరుగు మీద కూర్చునే వేళ. మావాడు టార్చికి ఎర్ర కాగితం చుట్టి (ఎర్ర వెలుతురు చాలా జీవాలకి సరిగా కనబడదు, కాబట్టి పారిపోవు) తాతకి వీడియో కాల్ చేస్తాడు.

ఓసారి రాతిలోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. గాజు పగిలిందేమో అన్నంత గట్టిగా. అలాంటి చప్పుడు చేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి మాంటిస్ ష్రింప్, చేపల్నీ పీతల్నీ కొట్టి చంపేస్తుంది. రెండోది పిస్టల్ ష్రింప్, దానితో అంత భయం లేదు. మావాడు పేరు కోసం బొమ్మలు వెతుకుతుంటే నాన్న వరసగా అడగడం మొదలెట్టారు. "కళ్లు కాడల మీద నిలబడి అటూ ఇటూ తిరుగుతున్నాయేటి? ముందు చేతుల్లో ఒకటే పెద్దదా, రెండూ ఒక్కలాగేనా? ఏ యేళకి వస్తంది? ఏటి తింటంది?" తెప్ప మీద బతికిన మనిషి. వలలో పడ్డ మాంటిస్ తోక ముళ్లు చేతిని ఎలా కోస్తాయో ఆయనకి పుస్తకం చెప్పక్కర్లేదు. మావాడు మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు. బెజ్జంలోంచి ముందు మీసాలు, తర్వాత ఒకే ఒక్క లావుపాటి చెయ్యి బయటికి వచ్చాయి. ఆ చేతిని టక్కున మూస్తే నీటిలో బుడగ పుట్టి పేలుతుంది, చప్పుడు దానిదే. పిస్టల్! ఇద్దరూ ఒకేసారి అరిచారు. అది ఇంకా మా తొట్టెలోనే ఉంది.

ఆదివారం తెలుగు బడి మంచిదే, మావాడు గుణింతాలు అక్కడే నేర్చుకున్నాడు. కానీ ఆటు, పోటు, నాచు, అలికిడి లాంటి మాటలు వాడికి తాత దగ్గరే వచ్చాయి. మాటల్లోకి పేట యాస కూడా దిగింది. "పీత పరిగెడతంది" అంటాడు. నేను దిద్దను. నా చిన్నప్పటి ఇల్లు వినబడుతుంది అందులో.

ఈసారి సెలవుల్లో విశాఖ వచ్చాక ఇద్దరూ నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. వాడు ఫోన్లో ఆటుపోట్ల వేళలు చూశాడు, నాన్న తిథి లెక్కపెట్టారు. అమావాస్య దగ్గర్లో నీళ్లు బాగా వెనక్కి పోతాయి. తెన్నేటి పార్క్ కింద రాళ్ల మధ్య మడుగులు బయటపడ్డాయి. పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్లనే జీవులు ముడుచుకుని, ఒంటికి ఇసుక, గవ్వ ముక్కలు అంటించుకుని జిగురు ముద్దల్లా ఉన్నాయి. మా అక్క పిల్లలు వేలితో పొడవబోతే మావాడు ఆపాడు. పక్కనే చాపలా పరుచుకున్న జోయాంథిడ్లు (అవీ అనిమోన్లలాంటి చిన్న జీవులే) చూపించి, వీటిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే పెద్ద విషం ఉంటుందనీ, చేతికి గాయముంటే అసలు ముట్టుకోకూడదనీ, ఆ విషం ఆవిరితో పాటు లేస్తుంది కాబట్టే లైవ్ రాక్‌ని ఎవరూ వేడినీళ్లలో మరిగించకూడదనీ చెప్పాడు. చెప్పిందంతా తెలుగులోనే. నాన్న ఒక రాయి ఎత్తి, కింద సన్నటి చేతులతో పాకుతున్న నక్షత్రంలాంటి బ్రిటిల్ స్టార్‌ని చూపించి, ఆ రాయిని ఉన్నది ఉన్నట్టే తిరిగి పెట్టారు.

ఆ రాయి టాంపాకి తీసుకెళదామని పిల్లల్లో ఒకరు అన్నారు. మావాడే వద్దన్నాడు. మన సముద్రాల్లో ఉండే లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనబడింది, ఇప్పుడు అక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. పెంచుకునేవాళ్లు వదిలేసినవే దానికి మూలమంటారు. పైగా మన దేశంలో పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, పగడం అంటుకున్న రాయిని తీయడం నేరం. ఈ సంగతి విని నాన్న తల ఊపారు. వాడి మాట మీద ఆయనకి గురి కుదరడం నేను అక్కడే చూశాను, ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు కొత్త కేసు నడుస్తోంది. మేము ఇక్కడికి వచ్చేముందు రాతిలోంచి ఇంద్రధనుస్సు రంగులు మెరిసే పురుగొకటి తల బయటపెట్టింది. మామూలు బ్రిసిల్ వర్మ్ అయితే మిగిలిన మేత తిని బతుకుతుంది, దాన్ని అలాగే ఉంచాలి. తల మీద ఐదు మీసాలుంటే యూనిసిడ్ జాతి. వాటిలో కొన్ని చాలా పొడవు పెరుగుతాయి. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూకీ అక్వేరియంలో పగడాల్ని పాడుచేస్తున్నదేమిటా అని రాళ్లు విప్పితే నాలుగడుగుల పురుగు దొరికింది. ఇంటికెళ్లగానే మీసాలు లెక్కపెట్టి చెప్పమని నాన్న ఆర్డరు. ఐదుంటే రాయిని వేరే తొట్టెలోకి మార్చాలి, పురుగుని ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీయాలి. ఎలా తీయాలో ఇద్దరూ వరండాలో కూర్చుని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.