కారు ఏసీలో గ్యాస్ పట్టించే ముందు కంప్రెసర్ నూనె సంగతి

మూడేళ్ల క్రితం మే నెలలో, మిట్టమధ్యాహ్నం వేళ, విజయవాడలో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా మా పెట్రోలు కారు ఏసీ కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి గొట్టాల్లో తిప్పే యంత్రం) బిగుసుకుపోయి తిరగడం మానేసింది. బెల్టు కీచుమని అరిచింది, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన వచ్చింది. అంతకు ముందు రెండు వేసవుల్లోనూ కూలింగ్ తగ్గిందని రోడ్డు పక్కన ఒక షాపులో గ్యాస్ పట్టించుకుని వచ్చాను. రెండుసార్లూ ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. గ్యాస్ ఎటు పోతోందని వాళ్లు వెతకలేదు, నేనూ అడగలేదు.

ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ ఆ కంప్రెసర్‌ను దించి, లోపల మిగిలిన నూనెను తెల్లగుడ్డ మీద ఒంచి చూపించారు. రెండు చెంచాలు కూడా లేదు. తేటగా ఉండవలసిన నూనె తారులా నల్లబడి, గుడ్డను ఎండలోకి తిప్పితే వెండి పొడి చల్లినట్టు మెరిసింది. "గ్యాస్ పోతే మళ్లీ పట్టించుకోవచ్చండి. దాంతోపాటు నూనె కూడా పోతుంది, అది మాత్రం ఎవరూ పొయ్యరండి" అన్నారాయన.

ఇంజిన్‌కు అడుగున నూనె తొట్టి ఉన్నట్టు చాలా కార్ల ఏసీ కంప్రెసర్‌కు ఉండదు. వ్యవస్థ మొత్తంలో ఉండే నూనె సుమారు నూటయాభై మిల్లీలీటర్ల లోపే, అదీ గ్యాస్‌లో కలిసి కండెన్సర్ (కారు ముందు భాగంలో గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలి), కూలింగ్ కాయిల్ అన్నీ చుట్టి వచ్చి, తిరిగి వచ్చేటప్పుడు కంప్రెసర్ లోపలి భాగాలను తడుపుతుంది. గ్యాస్ తగ్గితే ఆ నూనెను మోసుకొచ్చే ప్రవాహమూ తగ్గుతుంది కాబట్టి, చల్లదనం కాస్త తగ్గిందనుకుంటూ మనం నెట్టుకొచ్చే ఆ వారాల్లోనే లోపల లోహం లోహాన్ని అరగదీస్తూ ఉంటుంది. రాలిన పొడి కంప్రెసర్‌తో ఆగదు. సన్నటి గొట్టాలున్న ఇప్పటి కండెన్సర్లను కడిగినా ఆ పొడి పూర్తిగా రాదు, అందుకే నాకు కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, తేమ పీల్చే డ్రయర్, కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చవలసి వచ్చింది. పాత కండెన్సర్ ఉంచేసి కొత్త కంప్రెసర్ బిగిస్తే అదే పొడి దాన్నీ తినేస్తుంది.

గ్యాస్ పీడనం చూపే గేజి ముల్లు చూసి "సరిపోయింది" అనే మాటను నేను ఇప్పుడు ఒప్పుకోను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, 30 డిగ్రీల వేడిలో, మా పాత కారులో ఉన్న ఆర్‌134ఏ రకం గ్యాస్ పీడనం దాదాపు 97 పీఎస్ఐ ఉంటుంది. లోపల 450 గ్రాములు ఉన్నా 200 గ్రాములే ఉన్నా, కొంత ద్రవరూపంలో మిగిలి ఉన్నంతకాలం ముల్లు అక్కడే నిలుస్తుంది. కారు నడుస్తున్నప్పుడు చూపే అంకెలు కూడా ఆనాటి ఎండను బట్టి, కండెన్సర్ ఫ్యాన్ తిరిగే తీరును బట్టి మారిపోతాయి. ఉన్న గ్యాస్ మొత్తం యంత్రంలోకి లాగి తూచడం, నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేయడం, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి తేమ తీయడం, బానెట్ కింది స్టిక్కర్ మీద రాసిన గ్రాములే తూచి పట్టడం, పోయినంత నూనె పోయడం: ఇంత చేస్తేనే అది సర్వీసు. తేమ మిగిలిపోతే అది గ్యాస్‌తోనూ నూనెతోనూ చేరి ఆమ్లంగా మారి లోపలి నుంచి తొలుస్తుంది. కొత్త కార్లలో ఆర్‌1234వైఎఫ్ గ్యాస్ కూడా వస్తోంది కనుక రకం కూడా స్టిక్కర్ మీదే చూసుకోవాలి.

కిందటేడు హైబ్రిడ్ కారు కొన్నాక మరో జాగ్రత్త నేర్చుకున్నాను. ఇంజిన్‌తోనూ, పెద్ద బ్యాటరీ మోటారుతోనూ నడిచే పూర్తి హైబ్రిడ్‌లో కంప్రెసర్‌కు బెల్టు ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి నారింజ రంగు కేబుళ్ల ద్వారా వచ్చే కరెంటుతో మోటారు తిరుగుతుంది, అందుకే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయినా చల్లగాలి ఆగదు. పేరుకు హైబ్రిడ్ అని రాసి ఉన్నా, చిన్న బ్యాటరీతో వచ్చే మైల్డ్ హైబ్రిడ్లలో చాలావరకు పాత పద్ధతి బెల్టు కంప్రెసరే ఉంటుంది, ఆ తేడా ముందు తెలుసుకోవాలి.

కరెంటు కంప్రెసర్‌లో మోటారు చుట్ట నేరుగా గ్యాస్, నూనెల మధ్యే ఉంటుంది. కాబట్టి ఆ నూనె కరెంటును ఆపే గుణం గలదై ఉండాలి. సాధారణంగా దానికి పీఓఈ రకం నూనె వాడతారు. పెట్రోలు కార్లలో వాడే పీఏజీ నూనె కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ పడిపోయి, కరెంటు బాడీకి కారుతోందని కారు కంప్యూటర్ హెచ్చరిక చూపిస్తుంది, కొన్నిసార్లు కారు కదలను కూడా కదలదు. మొదటి సర్వీసుకు తీసుకువెళ్లిన చోట కుర్రవాడు పక్క కారుకు వాడిన డబ్బానే, అదే గొట్టంతో సహా, తేబోయాడు. డబ్బా మీద పీఏజీ అని చూసి ఆపించాను. గేజి గొట్టాల్లో మిగిలిన పాత నూనె కూడా లోపలికి పోతుందని, హైబ్రిడ్లకు వేరే గొట్టాలు ఉంచుకోవాలని చెప్పాను. ఆ పని చేసేవారు ముందు పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, ఇన్సులేటెడ్ గ్లౌజులు వేసుకున్నాకే కేబుల్ మీద చెయ్యి వేయాలి. వందల వోల్టుల కరెంటు అది, ఒక మనిషి ప్రాణంతో పని.

ఇంట్లో మనం చేసుకోగలిగినవి కొద్దే. పత్తి పింజలు, దుమ్ము, పురుగులు పట్టిన కండెన్సర్‌ను మార్చిలోనే మామూలు నీళ్లధారతో కడగాలి, ప్రెషర్ గన్ కొడితే పలచటి రేకులు వంగిపోతాయి. బెల్టు కంప్రెసర్‌కైతే డిసెంబరులో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేయాలి, లేకపోతే కంప్రెసర్ ఇరుసు చుట్టూ గ్యాస్ బయటికి పోకుండా ఆపే షాఫ్ట్ సీల్ ఎండి గ్యాస్ అక్కడి నుంచే పోతుంది. క్యాబిన్ గాలితో బ్యాటరీని చల్లబరిచే హైబ్రిడ్లలో సీటు దగ్గర ఉండే గాలి జాలికి బ్యాగులు అడ్డం పెట్టకూడదు.

ఇప్పుడు రెండు కార్ల గ్లవ్ బాక్సుల్లోనూ ఒక్కో చిన్న పుస్తకం ఉంది. గ్యాస్ ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని పట్టారు, ఏ నూనె ఎంత పోశారు అన్నది తేదీతో సహా అక్కడే రాయించుకుంటున్నాను. పాత కారులో ఈ ఏప్రిల్‌లో బయటికి తీసింది 430 గ్రాములు, స్టిక్కర్ మీద ఉన్నది 450.