రెండు కోట్స్ పెట్టడానికి 11 రోజులు

ఒక ఓపెన్ సోర్స్ టూల్‌కి నేను పంపిన చిన్న సవరణ నిన్న రాత్రి మెర్జ్ అయింది, అంటే వాళ్ల అసలు కోడ్‌లో కలిసింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా, ఎందుకంటే ఒక నెల పోతే నేనే అందరికీ "ఓపెన్ సోర్స్‌కి కోడ్ ఇవ్వడం ఎంతసేపు" అని చెప్పుకు తిరుగుతాను.

రోజూ వాడే ఒక బ్యాకప్ టూల్‌, ఫోల్డర్ పేరు మధ్యలో స్పేస్ ఉంటే సగంలో ఆగిపోయేది. తవ్వి చూస్తే దాని షెల్ స్క్రిప్ట్‌లో (కమాండ్లు వరసగా నడిపే ఫైలు) ఫోల్డర్ పేరు ఉండే ఒక వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ లేవు. దాంతో షెల్ ఆ పేరుని స్పేస్ దగ్గర విరగ్గొట్టి రెండు పేర్లు అనుకుంటోంది. అంతే గొడవ. ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు, నేను పట్టుకున్నా, అది మాత్రం గట్టిగానే చెప్పుకుంటా. ఫోర్క్ (ప్రాజెక్టుకి నా సొంత కాపీ), క్లోన్ (దాన్ని నా సిస్టమ్‌లోకి దించడం), బ్రాంచ్ (నా మార్పులకి వేరే పాయ), కోట్స్ పెట్టి ఒక కమిట్ (చరిత్రలో సేవ్ చేసిన ఒక మార్పు), టెస్ట్ రాసి ఇంకో కమిట్. గంటలో అయిపోయింది.

పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలుపుకోండి అనే అర్జీ) తెరిచిన నిమిషానికే ఎర్ర ఇంటూ గుర్తు. డీసీఓ (డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్) అనే తనిఖీ ఫెయిల్. ప్రతి కమిట్ మెసేజ్ చివర "సైన్డ్ ఆఫ్ బై" అని నా పేరు, ఈమెయిల్ ఉండాలట, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని హామీగా. 2003లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ విషయమై ఎస్‌సీఓ కంపెనీ ఐబీఎం మీద కేసు వేశాక, 2004లో లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ గుండెకాయ) రాసేవాళ్లు తెచ్చిన పద్ధతి ఇది. కోర్టు గొడవ వాళ్లది, సంతకం నాది. సరే, పెడదాం.

ఇక్కడే కొంప మునిగింది. పక్కనే "మీ బ్రాంచ్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అని ఒక బటన్ కనిపిస్తే బుద్ధిగా నొక్కా. అంటే ప్రాజెక్టు అసలు కోడ్ ఉండే మెయిన్ బ్రాంచ్ వచ్చి నా దాంట్లో మెర్జ్ అయింది. దాన్ని నా సిస్టమ్‌లోకి లాగి చూస్తే నావి రెండు, మెర్జ్‌ది ఒకటి, మొత్తం మూడు కమిట్లు. కాబట్టి చివరి మూడింటికీ సైన్ఆఫ్‌తో (అంటే ఆ సంతకంతో) రీబేస్ కొట్టి (కమిట్లని తిరగరాసి), ఫోర్స్ పుష్ (పైనున్న పాతదాన్ని చెరిపి కొత్తది పంపడం) చేసేశా. నేను అనుకోనిది ఏంటంటే, ఆ మెర్జ్ వెనకాల మెయిన్ నుంచి వచ్చిన కమిట్లన్నీ కూడా లెక్కలోకి వస్తాయి. రీబేస్ వాటన్నిటినీ కొత్తగా తిరగరాసి, ఒక్కోదాని కింద నా సంతకం అతికించింది.

పేజీ రిఫ్రెష్ చేస్తే 187 కమిట్లు! నేను జన్మలో చూడని ఫైళ్లు కూడా నా మార్పుల్లోనే. ఏ ఫైలు ముట్టుకుంటే దాని ఓనర్‌ని రివ్యూకి పిలిచే ఏర్పాటు ఆ ప్రాజెక్టులో ఉంది, కాబట్టి ముప్పై మందికి పైగా నా పేరుతో మెయిల్ వెళ్లింది. ఒకాయన "నా కమిట్ కింద మీ సంతకం ఎందుకుంది?" అని అడిగారు. ఇంకొకరు మాట కూడా లేకుండా తల గోక్కునే బొమ్మ పెట్టారు. ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ గారైతే "హిస్టరీ సరిచేయండి" అని ఒక్క ముక్క, అదీ నాలుగు రోజుల తర్వాత. ఎలా సరిచేయాలో చెప్తే ఆయన సొమ్మేం పోయింది? ఆ నాలుగు రోజులూ అకౌంట్ తీసేసి పారిపోదామా అనిపించింది నిజంగా.

బయటపడేసింది రెఫ్‌లాగ్. రీబేస్‌కి ముందు బ్రాంచ్ ఎక్కడుందో గిట్ (ఈ కమిట్లన్నీ నడిపే టూల్) అందులో దాచిపెట్టుకుంటుంది, మామూలు సెట్టింగుల్లో ఒక నెల వరకు భయం లేదు. అక్కడినుంచి నా రెండు కమిట్ల హ్యాష్‌లు (గుర్తింపు నంబర్లు) పట్టుకుని, తాజా మెయిన్ మీద కొత్త బ్రాంచ్ తీసి, వాటిని చెర్రీపిక్ చేశా (ఆ రెండిటినే ఏరి తెచ్చా), హైఫన్ ఎస్ పెట్టి, అంటే సంతకంతో సహా. పాత బ్రాంచ్ పేరు మీదకే ఫోర్స్ విత్ లీజ్‌తో (మధ్యలో వేరేవాళ్లు ఏమీ మార్చకపోతేనే పాతదాన్ని చెరిపే పద్ధతి) పుష్ చేశా. 187 కాస్తా రెండయ్యాయి. పచ్చ టిక్.

మీరు మాత్రం పుల్ రిక్వెస్ట్‌ని మొదట డ్రాఫ్ట్‌గా (ఇంకా పూర్తికాలేదు అనే గుర్తుతో) తెరవండి. డ్రాఫ్ట్‌లో ఉన్నంతసేపు ఆ ఓనర్లకి పిలుపులు వెళ్లవు. ఆ అప్‌డేట్ బటన్ జోలికి అసలు పోవద్దు, దాన్ని అక్కడ పెట్టినవాళ్ల మీద నాకింకా కోపం పోలేదు. అలాగే ఇష్యూ (సమస్య రాసిపెట్టే పేజీ) కింద "నాకు అసైన్ చేయండి" అని రాసి నెలలపాటు మాయమయ్యే పెద్దమనుషులు, దయచేసి ఆ చోటు ఖాళీ చేయండి, పని చేసేవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత రివ్యూలో ఒకే ఒక్క కామెంట్, టెస్ట్ పేరు మార్చమని. మార్చా. నిన్న రాత్రి మెయింటెయినర్ గారు "థాంక్స్" అని రాసి స్క్వాష్ అండ్ మెర్జ్ నొక్కారు. నేను అంత కష్టపడి శుభ్రం చేసిన కమిట్లన్నీ కలిసి ఒక్కటైపోయాయి.