బట్టతల పూసలు

మొన్న అమ్మ ఫోన్ చేసి ఏం చేస్తున్నావే అంటే, పూసలు కడుగుతున్నానమ్మా అన్నాను. గాజుపూసలా, ఇన్నేళ్ళు చదివి చివరికి పూసలు గుచ్చుకుంటున్నావా అంది. గుచ్చడానికి వాటికి బెజ్జాలుండవు, అసలు కంటికే కనబడవు అని చెప్పి నవ్వేశాను గానీ, మూడేళ్ళుగా చేస్తున్న పనిని ఒక్కసారైనా తెలుగులో సరిగ్గా చెప్పలేదే అని తర్వాత అనిపించింది.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక కొవ్వు పొర ఉంటుంది. లిపిడ్ అణువులు రెండు వరుసలుగా, తలలు నీళ్ళ వైపు, తోకలు ఒకదానికొకటి ఎదురుగా. మందం 4-5 నానోమీటర్లు. అసలు కణం పొరలో వందల రకాల లిపిడ్లు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి, అందులో ఒక్క ప్రోటీన్ ఏం చేస్తోందో కనిపెట్టడమంటే తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే. అందుకని రెండు మూడు రకాల లిపిడ్లతో మనమే ఒక పొర చేసి సిలికా, అంటే గాజు, పూసకి తొడుగుతాం, దాని మీద మనకి కావలసిన ప్రోటీన్ ఒక్కటే వేసి పట్టుకుంటుందా లేదా చూస్తాం. లిపిడ్లని ఉప్పునీళ్ళ లాంటి బఫర్‌లో కలిపి, శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పెడితే సన్నటి బుడగలవుతాయి, శుభ్రంగా కడిగిన పూసల్ని వాటితో కలిపి కాసేపు తిప్పితే ఆ బుడగలు గాజుకి అతుక్కుని, పగిలి, పరుచుకుని, ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి. 5 మైక్రాన్ల (మైక్రానంటే వెయ్యి నానోమీటర్లు) పూసని 5 సెంటీమీటర్ల లడ్డూ అంత పెంచామనుకోండి, దాని మీది పొర 50 మైక్రాన్లు, మామూలు ప్రింటర్ కాగితంలో సగం. పూర్ణం బూరె మీది పిండితో పోల్చబోయి అందుకే మానుకున్నాను.

పొరకీ గాజుకీ మధ్య పలచగా నీళ్ళు మిగులుతాయి, ఓ 1-2 నానోమీటర్లు. ఆ నీళ్ళ పుణ్యమా అని లిపిడ్లు అతుక్కుపోకుండా పూసంతా తిరుగుతుంటాయి. రంగు లిపిడ్ చిటికెడు కలిపి, లేజర్‌తో ఒక పక్క రంగు చంపేస్తే, పొర బాగుంటే కొన్ని సెకన్లలో అక్కడ మళ్ళీ వెలుగొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

1985లో టామ్, మెక్‌కానెల్ చదునైన గాజు మీద ఇలాంటి పొర వేశారు. 1990లో బేయెర్ల్, బ్లూమ్ దాన్ని పూసల మీదకి తెచ్చి, అయస్కాంతంతో అణువుల కదలికల్ని పసిగట్టే ఎన్ఎమ్ఆర్‌తో చూశారు. ఎన్ఎమ్ఆర్‌కి సరుకు చాలా కావాలి, ఒక్క స్లైడు మీదున్న పొర దేనికీ చాలదు. పూసలైతే వేరు. 1 మైక్రాన్ సిలికా పూసలు ఒక గ్రాము తీసుకుంటే వాటి ఉపరితలం మొత్తం దాదాపు 3 చదరపు మీటర్లు, డబుల్ కాట్ పరుపంత.

ఈ లెక్క తెలిసి కూడా నేను బోల్తా పడ్డాను. 5 మైక్రాన్ల పూసల నుంచి 1 మైక్రాన్ పూసలకి మారినప్పుడు బరువు అంతే తీసుకున్నాను, లిపిడ్ కూడా అంతే వేశాను. ఉపరితలం ఐదింతలైంది కదా, ఆ ఆలోచనే రాలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆకుపచ్చ రంగు తగిలించిన నా ప్రోటీన్ ధగధగలాడుతోంది, పూసలకి బ్రహ్మాండంగా పట్టేసింది. రెండు వారాలు గాల్లో తేలాను. తర్వాత ఓ రోజు రాత్రి రెండు రంగుల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎరుపు, అంటే లిపిడ్, మసగ్గా ఉన్న పూసల మీదే ఆకుపచ్చ ఎక్కువ. ప్రోటీన్ పట్టుకున్నది పొరని కాదు, పొర లేని బోడి గాజుని! అప్పట్నుంచి మా ల్యాబ్‌లో వాటి పేరు బట్టతల పూసలు.

ఇంకో రకం బట్టతల కడిగేటప్పుడొస్తుంది. పూసలు అడుక్కి చేరాక పైనీళ్ళు పూర్తిగా పీల్చేస్తే పొరకి గాలి తగులుతుంది, అంతే, లేచిపోతుంది. అందుకే అడుగున కొంచెం నీళ్ళు వదిలేసి, ఓపిగ్గా ఎక్కువసార్లు కడగాలి.

ఇంత తలనొప్పి దేనికంటే, పూసకి బరువుంది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి నెమ్మదిగా గిరగిరా తిప్పితే చాలు, మునిగిపోతుంది. దీన్ని అందరికంటే తెలివిగా వాడుకున్నది 2008లో పుకాడిల్, ష్మిడ్ అని నా అభిప్రాయం. పుకాడిల్ పీహెచ్‌డీ చేసింది మన హైదరాబాద్‌లో కణ జీవశాస్త్ర పరిశోధనలు చేసే సీసీఎంబీలోనే. వాళ్ళు పూస మీద పొరని కావాలనే వదులుగా, అవసరానికి మించి ఉండేలా వేశారు. దానికి డైనమిన్ అనే ప్రోటీన్ కలిపితే పొర సన్నటి గొట్టాలుగా సాగింది, మొదట్నుంచీ దానికి శక్తినిచ్చే జీటీపీ అనే అణువు కూడా ఉంటే చిన్న బుడగలుగా తెగి విడిపోయింది. పూసలు కిందికి దిగిపోతాయి, తెగిన బుడగలు పైనీళ్ళలో ఉండిపోతాయి. ఆ నీళ్ళ వెలుగు కొలిస్తే ఎంత తెగిందో తెలిసిపోతుంది. చదునైన స్లైడుతో ఇంత తేలిగ్గా కుదరదు.

నేను పడుతున్న పాట్లు మాత్రం వంపు గురించి. సెప్టిన్లు అనే ప్రోటీన్లు నానోమీటర్లలో ఉంటాయి, అయినా రకరకాల సైజుల పూసలు కలిపి ఇస్తే 1 మైక్రాన్ వాటినే ఎక్కువగా ఇష్టపడతాయని 2016లో చూపించారు. తనకంటే అంత పెద్ద గుండ్రం వంపుని అంత చిన్నది ఎలా పసిగడుతుందో అని నాకు పిచ్చి.

రేపు కొత్త సీసా తెరుస్తున్నాను. ఈసారి లిపిడ్ లెక్క రెండుసార్లు వేసుకున్నా, ఏ లిపిడూ వేయని ఉత్త గాజుపూసల ట్యూబు కూడా ఒకటి పక్కన పెట్టుకున్నా.