బొమ్మ నడుములో సూది: సిమ్యులేటర్ శిక్షణలో నా అనుభవం

మూత్రవ్యవస్థ ఆపరేషన్లను (యూరాలజీ) రోగి మీద కాకుండా బొమ్మల మీద, యంత్రాల మీద సాధన చేయించే సిమ్యులేటర్ శిక్షణ ముగించుకుని ఈ సాయంత్రమే బయటపడ్డాను. కోపం ఇంకా చల్లారలేదు. నాలుగు రోజులు ఆగితే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే కూర్చున్నాను.

చిన్న రంధ్రాల్లోంచి పొడవాటి పరికరాలతో, తెర చూస్తూ చేసే ఆపరేషన్ (లాపరోస్కోపీ) నేర్పే పెట్టె దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు. చిన్న ముక్కలను ఒక చేతి పరికరం నుంచి రెండో చేతికి మార్చడం, గీసిన వృత్తం వెంట కత్తిరించడం, సూదిని రింగుల్లోంచి నడిపించడం, కుట్టు వేసి ముడి బిగించడం. యూరోపియన్ యూరాలజీ సంఘం వారి ఈ-బ్లస్ పరీక్షలో ఉండే నాలుగు పనులూ ఇవే. చేయి కుడికి జరిపితే తెరమీద పరికరం కొన ఎడమకు పోయే తికమక కొత్తవాళ్లను ఏడిపిస్తుంది; నన్ను ఏడిపించలేదు. నా ముడులు చూడటానికి పక్క బల్లవాళ్లు లేచి వచ్చారు. ఇది ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను?

ప్రోస్టేట్ గ్రంథిని మూత్రమార్గం గుండా కోయడం నేర్పే యంత్రం దగ్గర కూడా సజావుగానే సాగింది. మూత్రమార్గంలో వెరుమాంటానమ్ అనే చిన్న బొడిపె హద్దు గుర్తు; దాన్ని దాటి కిందికి కోస్తే మూత్రాన్ని ఆపే కండరం దెబ్బతిని, రోగికి జీవితాంతం ఇబ్బంది మిగలవచ్చు. ఆ ఒక్క హద్దు చేతికి అలవాటు చేసినా ఆ యంత్రం ఖర్చు దండగ కాదు.

నా పరువు పోయింది పీసీఎన్‌ఎల్ బల్ల దగ్గర. వీపు వైపు నుంచి సూదితో కిడ్నీలోకి దారి చేసి, ఆ దారిని వెడల్పు చేసి, రాయిని పగలగొట్టి తీసే శస్త్రచికిత్స ఇది. 1976లో ఫెర్న్‌స్ట్రామ్, జోహాన్సన్ ఇలా రాళ్లు తీసినట్టు ప్రకటించారు. పరికరాలు ఎంత మారినా అసలు కష్టం ఇప్పటికీ మొదటి పోటులోనే ఉంది. సూది పాపిల్లా (కిడ్నీ లోపలి కణజాలపు మొన) మధ్యలోంచి కాలిక్స్‌లోకి (మూత్రం చేరే చిన్న గిన్నెలాంటి గది) దిగాలి. కాస్త పక్కకు తప్పి ఇన్‌ఫండిబ్యులమ్‌లో (ఆ గది మెడలాంటి సన్నని దారి) గుచ్చుకుంటే, దాన్ని ఆనుకునే పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

అక్కడ ఉన్నది ఒక బొమ్మ నడుము, నిజమైన సూది, తెరమీద కృత్రిమ ఎక్స్‌రే. ఊపిరితో పాటు కిడ్నీ పైకీ కిందికీ కదులుతుంది. పెడల్ తొక్కినంతసేపూ ఎక్స్‌రే సమయం ఖాతాలో పడుతూనే ఉంటుంది. శిక్షకుడు ఒకసారి చకచకా చేసి చూపించి, “చూశారుగా, ఇక చేయండి” అని ఫోను తీశాడు. నేను గుచ్చాను, సూది రక్తనాళంలోకి పోయింది. మళ్లీ గుచ్చాను, కిడ్నీ దాటిపోయింది. తరువాతవి రాయడం లేదు.

ఇదంతా నాకూ యంత్రానికీ మధ్య ఉండిపోతే బాధ లేదు. మా అందరి మార్కులనూ గోడమీది పెద్ద తెరకు ఎక్కించారు. నా పేరు పక్కన ఎర్ర గీతలు, నా పైన నిన్నమొన్న యూరాలజీలో చేరిన కుర్రవాడు. శిక్షకుడు ఫోనులోంచి తలెత్తి, “ఆపరేషన్లు చేసే చేయేనా ఇది?” అన్నాడు. గది నవ్వింది. ఎందుకు తప్పుతోందని అడిగితే, “సాధన చేయండి” అన్నాడు. ఎలా తప్పుతోందో తెలియని సాధన తప్పునే గట్టిపరుస్తుందని శిక్షణ ఇచ్చేవాడికి ఒకరు చెప్పాలా? తప్పు ఎన్నిసార్లు జరిగిందో యంత్రం లెక్కపెడుతుంది. ఎందుకు జరిగిందో మనిషి చెప్పాలి, ఆయనకు జీతం అందుకే.

కాపాడింది యంత్రాలు చూసుకునే టెక్నీషియన్ ఆవిడ. అందరూ టీ తాగడానికి వెళ్లినప్పుడు దగ్గరికి వచ్చి, “డాక్టర్ గారూ, మీరు వాలునూ లోతునూ ఒకేసారి సరిచేస్తున్నారు. ఒకటి కుదిరాక రెండోది చూడండి” అన్నారు. సి-ఆర్మ్‌ను (ఎక్స్‌రే తీసే వంపు చేయి) నా వైపు 30 డిగ్రీలు వంచి, సూది మొన, దాని తల, కాలిక్స్ మూడూ ఒకే చుక్కగా కనిపించేదాకా వాలు మాత్రమే దిద్దమన్నారు. ఆ తరువాత చేయి కదలకుండా సి-ఆర్మ్‌ను నిటారుగా తెచ్చి లోతు మాత్రమే చూడమన్నారు. ఊపిరి వదిలి కిడ్నీ నిలిచిన క్షణంలో తోయమన్నారు. సూది లోపలి పుల్ల లాగితే మూత్రం చుక్క కనిపించింది. “మేడమ్, ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే!” అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

టొరంటోలో చేసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు పదేపదే గుర్తొస్తోంది. మూత్రనాళంలోకి స్కోపు (లోపల చూసే సన్నని గొట్టం) పంపడం నేర్పడానికి కొందరికి సుమారు 3,700 కెనడా డాలర్ల నమూనా ఇచ్చారు. మరికొందరికి కప్పు, స్ట్రాలు, రబ్బరు గొట్టంతో చేసిన 20 డాలర్ల నమూనా ఇచ్చారు. రెండు జట్లూ ఉపన్యాసం మాత్రమే విన్నవాళ్లకన్నా బాగా చేశాయి. వాటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఖరీదైన యంత్రాన్ని తెచ్చి, తాళం వేసి, అతిథులు వచ్చిన రోజున రిబ్బను కట్టి చూపించే విభాగాధిపతులు దీన్ని చదవాలి.

వెళ్లేవాళ్లకు ఒక మాట. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వెళ్లకండి. బల్ల దగ్గర ఎవరు నిలబడి నేర్పుతారో ముందే అడగండి, యంత్రం పేరు చూసి డబ్బు కట్టకండి. టెక్నీషియన్లతో మర్యాదగా ఉండండి. ధ్రువపత్రంతో పాటు మీ స్కోరు కాగితం కూడా రాబట్టుకోండి. ఏ దశలో ఎక్కడ తప్పారో దాంట్లోనే ఉంటుంది. నేను అడిగితే “అది ఇవ్వడం పద్ధతి కాదు” అన్నారు. గోడమీద అందరికీ చూపించడం ఏ పద్ధతో చెప్పమని రాతపూర్వకంగా అడిగి వచ్చాను.