రెండు వందల గజాలు

నాన్న పోయాక ఒక ప్లాటు కోసం మూడేళ్లు అన్నయ్యతో మాట్లాడలేదు నేను. రెండు వందల గజాలు, అంతే. ఆదివారం మానకుండా చర్చికి వెళ్లాను, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చెయ్యి వేశాను, చందాలిచ్చాను. కాగితాల ఫైలు మాత్రం బీరువాలో, బైబిల్ కంటే భద్రంగా!

ఈస్టరుకి ముందొచ్చే ఈ శ్రమల దినాల్లో మెదక్ చర్చికి వెళ్లాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆలయం. కరువులో ఆకలితో ఉన్నవాళ్లకి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొరగారు కట్టించారు. యేసు సిలువ బొమ్మ ఉన్న రంగుటద్దాల కిటికీ ఎదురుగా కూర్చుని మార్కు సువార్త పదో అధ్యాయం తీశాను. అన్నీ అమ్మి పేదలకిచ్చేయమని యేసు అంటే ఆస్తిపరుడు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయే కథ చిన్నప్పటి సండే స్కూల్ నుంచి తెలిసిందే. కానీ ఆ మాట చెప్పేముందు యేసు అతన్ని చూసి ప్రేమించాడని ఉంది. ప్రేమించాడన్న ఆ ముక్క నేనెప్పుడూ ఆగి చదవలేదు. ఇన్నాళ్లూ అమ్మేయమన్న మాటని తిట్టులాగే విన్నాను.

నాకు అడ్డం ప్లాటు కూడా కాదేమో. "న్యాయం నావైపే" అన్న పట్టుదల. అది వదలడం డబ్బు వదలడం కన్నా కష్టం, నిజంగా.

బయటికొచ్చి చెట్టు కింద నిలబడి అన్నయ్యకి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఏమ్మా, అందరూ బాగున్నారా?" అన్నాడు కంగారుగా. ప్లాటు సంగతి ఎత్తకముందే నాకు ఏడుపొచ్చేసింది.

ప్లాటు కాగితాల మీద సంతకం సోమవారం. మా ఆయనకి ఇంకా కొంచెం టెన్షన్‌గానే ఉంది.