ఏపీసీ ఇంటర్వ్యూలో ఒక్క ఫోన్ కాల్ ప్రశ్నకి దొరికిపోయా

ఫ్రెండ్స్, నాకు ఎంఆర్‌ఐసీఎస్, అంటే ఆర్‌ఐసీఎస్ అనే బ్రిటన్ సర్వేయర్ల సంస్థలో మెంబర్‌షిప్, రెండో అటెంప్ట్‌లో వచ్చింది. దానికి పెట్టే అసెస్‌మెంటే ఏపీసీ. మొదటిసారి రిఫర్ చేశారు, అంటే మన భాషలో ఫెయిలయ్యా. దోహా, దుబాయ్‌లో మన క్యూఎస్ (క్వాంటిటీ సర్వేయర్) వాళ్ళు చాలామంది దీనికి చదువుతున్నారు కదా, నేనెక్కడ బోల్తాపడ్డానో చెప్తా.

ఇంటర్వ్యూ గంట. 10 నిమిషాలు మన కేస్ స్టడీ చెప్పుకోవాలి, దానిమీద ఇంకో 10 నిమిషాల ప్రశ్నలు, సుమారు అరగంట కాంపిటెన్సీలు, అంటే మనకి ఏ పని ఎంతవరకు వచ్చో చూసే ప్రశ్నలు, చివర్లో ఎథిక్స్. నేను కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేషన్ లెవెల్ 3, అంటే సలహా ఇచ్చే స్థాయి, పెట్టుకున్నా. ఫిడిక్ 1999 రెడ్ బుక్, అంటే ఇంటర్నేషనల్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్ట్ షరతుల పుస్తకం, నిద్రలో లేపి అడిగినా చెప్తా, క్లెయిమ్ నోటీస్ 28 రోజులు, డీటెయిల్స్ 42 రోజులు, 2017 ఎడిషన్‌లో ఆ 42 కాస్తా 84 అయింది, ఇలా గడగడా. ఆ ధీమాతోనే కూర్చున్నా.

అసెసర్ తాపీగా అడిగాడు, "పని లేట్ అయింది, ఈ నెల పేమెంట్ సర్టిఫికెట్‌లో ఎల్‌డీలు కట్ చేసెయ్యమని క్లయింట్ మీకు ఫోన్ చేశాడు, ఏం చేస్తారు?" ఎల్‌డీలంటే పని లేటైతే కాంట్రాక్టర్ కట్టాల్సిన పరిహారం. నేను ఠక్కున "కట్ చేస్తాం సార్, ఫీజు ఇచ్చేది ఆయనే కదా" అనేశా. ఆయన ఏమీ అనలేదు, తలొంచుకుని ఏదో రాసుకున్నాడు అంతే.

కాంట్రాక్టర్ దగ్గర ఆరేళ్లు చేసొచ్చా మరి, అవతలి కన్సల్టెంట్ అంటే ఓనర్ మనిషే అని బుర్రలో ఉండిపోయింది. జేసీటీ, ఎన్‌ఈసీ కూడా ఫిడిక్ లాంటి స్టాండర్డ్ కాంట్రాక్టులే; జేసీటీలో కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేటర్ అన్నా, ఎన్‌ఈసీలో ప్రాజెక్ట్ మేనేజర్ అన్నా, ఫిడిక్‌లో ఇంజనీర్ అన్నా, జీతం ఎవరిచ్చినా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేటప్పుడు ఇద్దరికీ న్యాయంగా ఉండాలి, 1974లో సట్‌క్లిఫ్ వర్సెస్ థాక్రా కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది ఇదే. తమాషా ఏంటంటే 1999 బుక్‌లో క్లాజ్ 3.1 ఇంజనీర్ ఓనర్ తరఫునే అంటుంది, 3.5కి వచ్చేసరికి ఫెయిర్‌గా తేల్చమంటుంది, 2017లో అయితే 3.7 కింద న్యూట్రల్‌గా ఉండాలని రాసేశారు. నేను చెప్పాల్సిన ఆన్సర్ ఇది: ముందు ఈఓటీ (గడువు పెంపు) క్లెయిమ్ ఏమైనా పెండింగ్ ఉందా చూస్తా, క్లయింట్‌ని 1999 బుక్ క్లాజ్ 2.5 కింద నోటీస్, వివరాలు రాతపూర్వకంగా ఇవ్వమంటా, 3.5 ప్రకారం తేల్చాకే కటింగ్. అంతవరకు సర్టిఫికెట్ ఆపను, కాంట్రాక్టర్ బిల్లు స్టేట్‌మెంట్ వచ్చిన 28 రోజుల్లో ఇవ్వకపోతే కాంట్రాక్టర్ 21 రోజుల నోటీస్ ఇచ్చి పని ఆపేయొచ్చు, అది క్లయింట్ నెత్తికే చుట్టుకుంటుంది. ఆ చివరి ముక్క క్లయింట్‌కి చెప్పడమే లెవెల్ 3, క్లాజ్ నంబర్ అప్పజెప్పడం లెవెల్ 1 మాత్రమే.

రెండోసారి కొత్త నోట్స్ ఏమీ చదవలేదు. నా ప్రాజెక్ట్ లెటర్లు, సర్టిఫికెట్లు ముందేసుకుని ఒక్కోదానికి నేనేం సలహా ఇచ్చా, ఎందుకు, ఇంకో దారి ఏముండె అని రాసుకున్నా. ఎథిక్స్‌కి ఆర్‌ఐసీఎస్ ప్రవర్తనా నియమాలు, ఆ 5 రూల్స్ బట్టీ వద్దు, మీ సైట్‌లో జరిగిందే చెప్పండి, అక్కడ పోతే మొత్తం పోయినట్టే.

ఇంకో రోగం "మేము". నువ్వేం చేశావ్ అని వాళ్ళు అడుగుతుంటే మేము చేశాం అంటే మార్కులు రావు. రూమ్మేట్‌ని ప్రశ్నలు అడగమని కూర్చోబెట్టా, వాడు మెకానికల్, మేము అన్నప్పుడల్లా ఫ్రిజ్ మీద మార్కర్‌తో గీత పెట్టేవాడు, మొదటి శుక్రవారం 31 గీతలు, ఇంటర్వ్యూ ముందు రోజు రెండు.